నైక్-అపాచి స్కేల్ కిట్ నల్లగొండలో ఎగరేయాలంటే: ముందు గ్రాముల లెక్క, తర్వాతే రంగు

అడిగింది క్లుప్తంగా: అమెరికా నుంచి బావగారు నైక్-అపాచి రాకెట్ 1/10 స్కేల్ నమూనా కిట్ తెచ్చారు, మోటార్లు రాలేదు. ఉండేది నల్లగొండ పక్కన. నిటారుగా పోవాలంటే ఎట్లా కట్టాలి, మోటారు బదులు దీపావళి రాకెట్ మందు పనికొస్తుందా, ఎక్కడ ఎప్పుడు ఎగరేయాలి?

ముందు సూటిగా జవాబు. కిట్‌ను ఇప్పుడే నిశ్చింతగా కట్టుకోవచ్చు. కానీ ముక్కు అతికించే ముందు, రంగు వేసే ముందు తూకం లెక్క తేల్చుకోవాలి. ఈ నమూనాకు పైన కూడా రెక్కలున్నాయి కాబట్టి, ముక్కులో బరువు వేయకుండా ఎగరేస్తే, లేచేటప్పుడు నిటారుగా పట్టి ఉంచే లాంచర్ రాడ్ దాటగానే అడ్డం తిరుగుతుంది. మొదటిసారి బీ6-4, తర్వాత సీ6-5 మోటారు సరిపోతుంది. దీపావళి మందు వద్దే వద్దు. ఎగరేయడానికి డిసెంబర్ నడుమ నుంచి ఫిబ్రవరి దాకా పొద్దున 7 నుంచి 9 లోపు, కోతైపోయి చదునుగా ఉన్న చెలక చాలు. మోటార్లు చట్టప్రకారం దొరికే దారి లేకపోతే ఎగరేయడం ఆపుకోండి, కట్టడం కాదు.

ఇక కారణాలు.

మోటారు సంగతి ముందు

మోటారు మీద ఉండే సంకేతం చదవడం తెలియాలి. సీ6-5 అంటే, సీ మొత్తం శక్తి తరగతి, 5.01 నుంచి 10 న్యూటన్-సెకండ్ల దాకా. 6 సగటు తోపుడు, న్యూటన్లలో. 5 అంటే మందు కాలిపోయాక పారాచూట్ బయటికి తోసే చార్జ్ పేలేందుకు పట్టే సెకన్లు. బీ తరగతి 2.51 నుంచి 5 దాకా, ఏ తరగతి 1.26 నుంచి 2.5 దాకా. అక్షరం ఒకటి పెరిగితే పై హద్దు రెట్టింపవుతుంది. ఈ చిన్న మోటార్లు 18 మిల్లీమీటర్ల వెడల్పు, 70 మిల్లీమీటర్ల పొడవు. కాగితపు గొట్టం, మట్టి నాజిల్, లోపల నల్లమందు.

దీపావళి తారాజువ్వలో, ఆ సంకేతం చెప్పే మూడింటిలో ఒక్కటీ లెక్క ప్రకారం ఉండదు. తోపుడు ఎంతో తెలియదు, ఎన్ని సెకన్లు కాలుతుందో తెలియదు, చివర పేలేది పారాచూట్ తోయడానికి కాదు, మోత కోసం. అది నిటారుగా పోయేది వెనక ఉన్న పుల్ల వల్ల. పుల్ల తీసి గొట్టంలో పెడితే దాన్ని నిలబెట్టేది ఏమీ ఉండదు. విప్పి మందు బయటికి తీయడం ఇంకా ప్రమాదం. రాపిడికే అంటుకునే మిశ్రమాలు కొన్ని అందులో ఉంటాయి. యూట్యూబ్‌లో చూసి ఇంట్లో మందు కలుపుదామనుకునేవాళ్లకూ ఇదే మాట: లైసెన్స్ లేకుండా పేలుడు మిశ్రమం తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కింద జైలుశిక్ష ఉన్న నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, వేళ్లు పోతే తిరిగి రావు.

రెడీమేడ్ మోటార్లలోనూ నల్లమందే కాబట్టి అవి కూడా పేలుడు పదార్థాల కిందికే వస్తాయి. వీటిని చూసేది నాగ్‌పూర్ ప్రధాన కార్యాలయంగా ఉన్న పెసో, అంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ. దిగుమతికి, నిల్వకు 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలున్నాయి. విమానంలో సూట్‌కేసులో వేసుకు రావడం, కొరియర్‌లో తెప్పించడం కుదరవు. మీ బావగారు మోటార్లు తేకపోవడమే మంచిదైంది. మామూలు మనిషికి ఆచరణలో ఉన్న దారి, అనుమతులు తీసుకుని కార్యక్రమం నడిపే ఇంజినీరింగ్ కాలేజీ రాకెట్ క్లబ్బులు, విద్యార్థుల పోటీలు. అక్కడ మోటారు, లాంచర్ వాళ్లవి, నమూనా మీది. కట్టేటప్పుడే ఆ క్లబ్బువాళ్లను అడిగి వాళ్ల దగ్గరుండే మోటారు వెడల్పు తెలుసుకోండి. 18 కాకుండా 24 మిల్లీమీటర్లదైతే లోపలి మోటార్ గూడు మార్చాల్సి వస్తుంది. గూడు అతికించాక మార్చలేరు.

ఈ రాకెట్‌కు ముక్కులో బరువెందుకు

నైక్-అపాచి మనకు కొత్త పేరేం కాదు. 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి లేచిన మొదటి రాకెట్ అదే. అసలుది సుమారు 8.3 మీటర్ల పొడవు. కింది నైక్ అంతస్తు 42 సెంటీమీటర్ల వెడల్పు, పైన అపాచి 16.5 సెంటీమీటర్లు. 1/10 స్కేల్‌లో కింద 42 మిల్లీమీటర్లు, పైన 16.5, మొత్తం పొడవు 83 సెంటీమీటర్లు. నమూనా రాకెట్లలో బీటీ-60 అనే గొట్టం బయటి వెడల్పు 41.6 మిల్లీమీటర్లు. అందుకే ఈ స్కేల్ ఇంత అనుకూలం.

అసలు రాకెట్‌లో నైక్ కాలిపోయి విడిపోయేది, అపాచి తన సొంత రెక్కలతో పైకి పోయేది. ఈ తరహా కిట్‌లో రెండూ కలిసే ఎగురుతాయి, మోటారు ఒకటే. ఇక్కడే చిక్కు. అపాచికి ఉన్న రెక్కలు మీ నమూనాలో నడుమకు వచ్చాయి. గాలి ఆ రెక్కల మీద కూడా నొక్కుతుంది కాబట్టి ఒత్తిడి కేంద్రం, అంటే సీపీ, ముందుకు జరుగుతుంది. నమూనా నిటారుగా పోవాలంటే తూకం నిలిచే చోటు, అంటే సీజీ, సీపీ కంటే ముక్కు వైపు ఉండాలి. కనీసం ఒక గొట్టం వెడల్పంత, ఇక్కడ 42 మిల్లీమీటర్లు. వెడల్పుకు రెండింతలు దాటితే కూడా మంచిది కాదు, కొద్దిపాటి గాలికే ముక్కు గాలికి ఎదురు తిప్పుకుని వంకరగా పోతుంది.

సీపీ తెలుసుకోవడానికి ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గొట్టాల పొడవులు, రెక్కల కొలతలు కిట్ కాగితంలో ఉన్నవి కాక, మీ చేతిలో ఉన్న ముక్కల మీద కొలిచి ఎక్కించండి. సీజీని మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పింది నమ్మకండి. జిగురు, రంగు ఎంత పడ్డాయో దానికి తెలియదు. మోటారు, మడత పెట్టిన పారాచూట్, వాడింగ్ (పారాచూట్ కాలకుండా అడ్డం పెట్టే కాగితం) అన్నీ లోపల పెట్టి, దారానికి ఉచ్చు వేసి వేలాడదీసి చూడండి. అడ్డంగా నిలిచిన చోటే సీజీ. మోటారు ఇంకా చేతికి రాకపోతే, అంతే వెడల్పున్న కాగితపు గొట్టంలో ఇసుక నింపి 24 గ్రాములకు తూచి పెట్టుకోండి. సీ6-5 నిండు మోటారు బరువు దాదాపు అంతే.

ఒక ఉదాహరణ లెక్క. అన్నీ పెట్టాక బరువు 90 గ్రాములు వచ్చిందనుకుందాం. ముక్కు కొన నుంచి కొలిస్తే సీజీ 53 సెంటీమీటర్ల దగ్గర, సీపీ 51.5 దగ్గర ఉన్నాయి. అంటే సీజీ వెనకుంది, ఇది ఎగరదు. సీజీని 47కు తేవాలి. ముక్కులో బరువు కొన నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటుంది. కావలసిన బరువు = ఇప్పటి బరువు × జరపాల్సిన దూరం ÷ (కొత్త సీజీ − బరువు పెట్టే చోటు). 90 × 6 ÷ (47 − 5) = 12.9. పదమూడు గ్రాములు. మొత్తం 103.

ఇప్పుడు అసలు ఇరకాటం. బీ6-4, సీ6-5 రెండింటికీ తయారీదారు ఇచ్చే గరిష్ఠ లేచే బరువు 113 గ్రాములు. మీకు మిగిలింది పది గ్రాములు. ప్రైమర్, రంగు, క్లియర్ కోట్ కలిపి ఈ సైజు నమూనా మీద 8 నుంచి 15 గ్రాములు ఇట్టే పడతాయి. పైగా రెక్కలు, లావు గొట్టం వెనకే ఉన్నాయి కాబట్టి రంగులో ఎక్కువ పాలు వెనకే చేరి, సీజీని మళ్లీ వెనక్కి లాగుతుంది. దాన్ని సరిచేయడానికి ముక్కులో ఇంకో రెండు గ్రాములు. ఇట్లా ఒకదానికొకటి పెరుగుతూ పోయి హద్దు దాటుతుంది. బల్ల మీద అద్దంలా మెరిసే స్కేల్ నమూనాలు చాలావరకు ఎగరేసినప్పుడు నేల కరిచేది ఇందుకే. మోటారు తప్పేం ఉండదు.

కాబట్టి నా సలహా: కంసాలి దుకాణంలో వాడేలాంటి 0.1 గ్రాము చూపే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనుక్కోండి, రెండు మూడు వందల్లో దొరుకుతుంది. ప్రతి పని అయ్యాక తూచి రాసుకోండి. ముక్కు లోపలి బరువు చిట్టచివర, రంగు ఆరాక వేయండి. అందుకోసం ముక్కును పైగొట్టానికి జిగురుతో కాకుండా టేపు బిగువుతో నిలబెట్టండి. బరువుకు ఎం-సీల్ ముద్ద చాలు, ముక్కు లోపలి గోడకు అతుక్కుని కదలదు. విడి సీసం గుండ్లు వేసి పైన దూది కుక్కేవాళ్లున్నారు. కుదుపుకు అవి కదిలితే లెక్కంతా పోతుంది, ఊడి పైనుంచి పడితే ఇంకా ప్రమాదం.

ఒక్క అదృష్టం, ఈ రాకెట్ పొడుగ్గా సన్నగా ఉంది. ముక్కు దూరంగా ఉండటం వల్ల తక్కువ గ్రాములతో పని జరుగుతుంది. వీ-2 లాంటి పొట్టి లావు నమూనా అయితే ఇదే పనికి రెట్టింపు బరువు అడిగేది.

లెక్క తేలాక ఊపి చూసే పరీక్ష చేయండి. సీజీ దగ్గర దారం కట్టి టేపు అంటించి, మూడు మీటర్ల దారంతో తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు పెట్టుకుని తిరిగితే సరే. తోక ముందుకొచ్చినా, బొంగరంలా గిరగిరా తిరిగినా బరువు చాలలేదు. ఇంటి ముందు సందులో కాదు, ఖాళీ స్థలంలో చేయండి.

కట్టేటప్పుడు

మోటార్ గూడుతో మొదలు. చిన్న గొట్టం, రెండు రింగులు, ముందుకు జరగకుండా ఆపే రింగు, వెనక్కి జారకుండా పట్టే స్టీలు కొక్కెం. దీన్ని పెద్ద గొట్టంలోకి తోసేటప్పుడు ఫెవికాల్ సగంలో పట్టేస్తే ఇక ముందుకూ వెనక్కీ రాదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఇది మరీ ఎక్కువ. రాసిన జిగురు పది పదిహేను సెకన్లలోనే పట్టు మొదలవుతుంది. జిగురు గొట్టం లోపల రాయండి, రింగుల మీద కాదు. ఎంత లోతుకు పోవాలో పుల్ల మీద ముందే గీత పెట్టుకుని, ఒక్క తోపులో, ఆగకుండా తోయండి. పొద్దుగాల చల్లటి వేళ చేసుకుంటే ఇంకా మేలు.

రెక్కలు బాల్సా చెక్కవి అయితే చెక్క పీచు రెక్క ముందంచు వెంబడి ఉండాలి. అడ్డంగా ఉంటే దిగేటప్పుడు మొదటిసారే విరుగుతుంది. కిట్‌లో ముందే కోసి ఇచ్చినా ఒకసారి సరిచూడండి. అతికించడానికి రెండు పొరల పద్ధతి మంచిది: రెక్క అంచుకు, గొట్టం మీద గీతకు పలచగా ఫెవికాల్ రాసి ఆరనివ్వాలి. మళ్లీ పలచగా రాసి నొక్కితే అర నిమిషంలో నిలుస్తుంది. మొత్తం ఆరాక మూలల్లో వేలితో సన్నగా జిగురు కట్ట వేయాలి. ఫెవిక్విక్‌తో రెక్కలు అతికించకండి. అది గట్టిగానే పడుతుంది కానీ పెళుసు, దిగే దెబ్బకు చప్పున ఊడుతుంది. కాగితపు గొట్టం చివర్లు మెత్తబడకుండా గట్టిపరచడానికి మాత్రం రెండు చుక్కలు వాడుకోవచ్చు.

గొట్టం మీద నిలువు గీతకు ఒక అల్యూమినియం ఎల్ పట్టీ కావాలి. గొట్టాన్ని దాని లోపలి మూలలో పెట్టి అంచు వెంబడి పెన్సిల్ గీస్తే తిన్నగా వస్తుంది. తలుపు చట్రం మూల అయినా సరే. రెక్క ఒక్క డిగ్రీ మెలి తిరిగినా నమూనా గిర్రున తిరుగుతూ పోతుంది, ఎత్తు తగ్గుతుంది. పై రెక్కల విషయంలో ఇంకా జాగ్రత్త, అవి సీజీకి దగ్గరగా ఉన్నా వంకర ఉంటే నమూనాను పక్కకు నెడతాయి. అసలు రాకెట్ ఫోటోలో పై రెక్కలు, కింది రెక్కలు ఒకే వరుసలో ఉన్నాయో, మధ్యకు వచ్చాయో చూసి అట్లాగే పెట్టండి. పెద్దగా కనబడాలని ముందు రెక్కల్ని ఒక్క మిల్లీమీటరు కూడా పెంచకండి.

రెండు గొట్టాల్ని కలిపే మెడ ముక్క దగ్గర సన్న గొట్టం వాలకూడదు. నమూనాను బల్ల అంచు మీద దొర్లించి ముక్కు కొనను చూడండి. కొన రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఊగితే మెడ ముక్క విప్పి మళ్లీ అతికించాల్సిందే. ఇది రంగు వేశాక బయటపడితే బాధ.

లాంచ్ రాడ్ దూరే లగ్‌లు రెండు పెట్టండి: ఒకటి అడుగు దగ్గర, ఇంకోటి లావు గొట్టం పై భాగంలో, సీజీకి వీలైనంత దగ్గరగా. రెండూ ఒకే గీతలో ఉన్నాయో లేదో రాడ్ దూర్చి చూసుకున్నాకే జిగురు.

పారాచూట్, షాక్ కార్డ్

ఈ నమూనాలో పారాచూట్ పట్టేది లావు గొట్టంలోనే. అంటే మెడ ముక్క, పై అపాచి భాగం కలిసి ఊడొస్తాయి, ముక్కు కాదు. పై భాగం పొడుగ్గా, కొనలో బరువుతో ఉంటుంది. రెండింటినీ కలిపే తాడు, అంటే షాక్ కార్డ్, పొట్టిగా ఉంటే అది ఎలాస్టిక్ లాగినంత దూరం పోయి వెనక్కి వచ్చి రెక్కల్ని కొడుతుంది. కిట్‌లో ఇచ్చే రబ్బరు సాధారణంగా చాలదు. లేసులు, బటన్లు అమ్మే టైలరింగ్ సామాన్ల దుకాణంలో 6 మిల్లీమీటర్ల ఎలాస్టిక్ రెండు మీటర్లు తెచ్చి వేయండి. గొట్టం లోపల దాన్ని పట్టి ఉంచే కాగితపు మడత అంచు నుంచి కనీసం ఐదు సెంటీమీటర్ల లోపలికి ఉండాలి, లేకపోతే మెడ ముక్క దానికి తట్టి ఇరుక్కుంటుంది.

మెడ ముక్క బిగువు ఎంతుండాలి? పై భాగం పట్టుకుని ఎత్తితే కింది భాగం జారకూడదు, కొద్దిగా విదిలిస్తే ఊడాలి. ఆగస్టు ముసుర్లో కాగితపు గొట్టం తేమకు ఉబ్బి బిగుసుకుంటుంది, జనవరిలో వదులవుతుంది. ఎగరేసే రోజు పొద్దున మళ్లీ చూసి టేపు తీయడమో వేయడమో చేయాలి. ఇది మరిచిపోతే పారాచూట్ రాదు, లేదా మోటారు కాలుతుండగానే వస్తుంది.

పారాచూట్ సైజు గురించి: 100 గ్రాముల నమూనాకు 45 సెంటీమీటర్ల పారాచూట్ వేస్తే సెకనుకు 3.7 మీటర్ల వేగంతో దిగుతుంది. 30 సెంటీమీటర్లదైతే 5.5 మీటర్లు. 120 మీటర్ల ఎత్తు నుంచి, సెకనుకు 4 మీటర్ల గాలి ఉంటే, మొదటిది 130 మీటర్ల అవతల పడుతుంది, రెండోది 90 లోపు. దున్నిన చెలక మెత్తగానే ఉంటుంది, కాబట్టి 30 మేలు. పరుపుబండ ఉన్న చోటైతే 45 వేసి నడుమ పది సెంటీమీటర్ల రంధ్రం చేయండి. పారాచూట్‌ను ముందురోజు మడిచి పెట్టకండి. ఎండకు ప్లాస్టిక్ ఒకదానికొకటి అంటుకుంటుంది. ముఖానికి రాసే పౌడర్ చల్లి, లాంచర్ దగ్గరే మడవండి.

వాడింగ్ అంటే పారాచూట్ కాలకుండా మధ్యలో పెట్టే మంట పట్టని కాగితం. మామూలు టిష్యూ, దూది వాడకూడదు. రవ్వ పట్టుకుని కిందికొచ్చి ఎండు గడ్డిలో పడతాయి. ఇంట్లో చేసుకోవాలంటే, లీటరు గోరువెచ్చటి నీళ్లలో 70 గ్రాముల వెలిగారం, 30 గ్రాముల బోరిక్ పౌడర్ కరిగించి, టిష్యూ ముంచి నీడలో ఆరబెట్టండి. ఆరాక ఒక ముక్కను నిప్పుపుల్లతో అంటించి చూడండి. నల్లబడాలి, మంట పాకకూడదు, పుల్ల తీశాక నిప్పు కణం మిగలకూడదు. మిగిలితే ఇంకోసారి ముంచాలి. గొట్టంలో ఆరేడు సెంటీమీటర్ల మందాన వదులుగా నింపండి, కుక్కకండి.

రంగు, క్లుప్తంగా

కారు పెయింటింగ్ షాపులో దొరికే సర్ఫేసర్ పలచగా ఒక పూత, 400 నంబర్ వాటర్ పేపర్‌తో దాదాపు అంతా గీకేయండి. గుంటల్లో మిగిలితే చాలు. తర్వాత రెండు పలచటి పూతలు. మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో స్ప్రే కొడితే రంగు గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. వానాకాలం తేమలో క్లియర్ కోట్ తెల్లగా పాలిపోతుంది. అసలు రాకెట్లు కూడా ఒక్కో ప్రయోగానికి ఒక్కో రంగుతో ఉండేవి. ఏదో ఒక ఫోటోను ఎంచుకుని దాన్నే అనుసరించండి, రెండు ఫోటోలు కలపకండి. గళ్లు, పట్టీలకు రంగు బదులు పలచటి వినైల్ స్టిక్కర్ వాడితే గ్రాములు మిగులుతాయి.

ఎక్కడ, ఎప్పుడు

అంతర్జాతీయంగా పాటించే భద్రతా నియమాల్లో సీ మోటారుకు మైదానం కనీస కొలత 120 మీటర్లు. అది కనీసం మాత్రమే. మన దగ్గర 250 మీటర్లు లేనిదే మొదలుపెట్టకండి. మిర్యాలగూడ వైపు ఎడమకాలువ కింద పొలాల్లో నీళ్లు, నీటి పంపుల కరెంటు తీగలు ఎక్కువ. నల్లగొండ చుట్టూ బత్తాయి తోటలు, వాటిలో పడితే వెతకడం కష్టం. దేవరకొండ, మునుగోడు వైపు చెలకలు, పాలమూరులో పల్లి, ఆముదం తీసేసిన బీళ్లు అనుకూలం. పత్తి చేను పక్కన వద్దు. పగిలిన కాయ ఉన్న చేనుకు ఒక్క రవ్వ చాలు. వరి కోసిన మడిలో కొయ్యకాళ్లు ఎండి ఉంటాయి, అదీ వద్దు. అమ్రాబాద్ అడవి అంచున అసలు ఆలోచనే చేయకండి.

శంషాబాద్ విమానాశ్రయం మహబూబ్‌నగర్ దారి వైపే ఉంది, కొత్తూరు, షాద్‌నగర్ ప్రాంతాలు వదిలేయండి. సాగర్ పరిసరాలూ వద్దు, అక్కడ ఆనకట్ట ఉంది, శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. డిజిటల్ స్కై మ్యాపు డ్రోన్ల కోసం పెట్టింది, రాకెట్ డ్రోన్ కాదు. అయినా ఎరుపు, పసుపు ఎక్కడున్నాయో చూస్తే పై ఆకాశం ఎక్కడ ఖాళీ లేదో తెలుస్తుంది. భూమి యజమానిని, ఊరి సర్పంచ్‌ను అడిగి, ఠాణాలో రాతపూర్వకంగా చెప్పి పెట్టండి. క్లబ్బుతో పోతే ఇవన్నీ వాళ్లే చూస్తారు.

మన పొలాల్లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం రాకెట్ కాదు, గోడ లేని బావులు. పిల్లలు పారాచూట్‌నే చూస్తూ పరుగెడతారు, కాలి కింద చూడరు. ముందే మైదానమంతా నడిచి, పాత బావి ఏదైనా ఉంటే దానివైపు పెద్దమనిషిని నిలబెట్టండి. తీసుకురావడానికి ఒక్కరే, అదీ నడిచే వెళ్లాలని నియమం పెట్టుకోండి. కరెంటు తీగ మీద పడితే అది పోయినట్టే. కర్రతో గెలకకండి, లైన్‌మన్‌కు చెప్పండి.

జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి ఆగదు. గంటకు 30 కిలోమీటర్లు దాటితే ఎగరేయకూడదు, ఇంత పొడుగు నమూనాకు 15 దాటినా నేను వద్దంటాను. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో సుడిగాలులు లేస్తాయి. వేడిగాలికి పారాచూట్ దిగకుండా కొట్టుకుపోతుంది. మోటార్లను బండి డిక్కీలో ఎండకు వదలకండి. వేడికి వ్యాకోచించి చల్లబడేటప్పుడు లోపలి మందు గొట్టం నుంచి విడిపోయి, పగుళ్లు పడుతుంది. అట్లాంటి మోటారు ముట్టించగానే పేలిపోవచ్చు.

లాంచర్ దగ్గర

రాడ్‌కు టిగ్ వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గర దొరికే 3.2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ ఫిల్లర్ రాడ్ సరిగ్గా సరిపోతుంది, మీటరు పొడవుంటుంది. 110 గ్రాముల నమూనాకు 1.2 మీటర్ల పొడవు, 4.8 మిల్లీమీటర్ల రాడ్ ఇంకా మంచిది. రాడ్ వదిలే వేళకు నమూనా సెకనుకు 12, 13 మీటర్ల వేగం అందుకోవాలి, అప్పుడే రెక్కలకు పట్టు దొరుకుతుంది. రాడ్ మొన మీద ఏదైనా మూత పెట్టి ఉంచండి, వంగినప్పుడు కంట్లో గుచ్చుకోకుండా. ఎగరేసే ముందు తీయాలి.

కింద రేకు ముక్క, చుట్టూ రెండు మీటర్లు గడ్డి చెక్కేసి నీళ్లు చల్లండి. ఇరవై లీటర్ల క్యాను, తడి గోనెసంచి పక్కనే ఉండాలి. వైరు కనీసం ఐదు మీటర్లు. స్విచ్ నొక్కితే అంటుకుని వదిలితే ఆగేది కావాలి, కాలింగ్ బెల్ స్విచ్ లాంటిది. దానితోపాటు తీసేయగల తాళంచెవి ఉండాలి. చెవి ఎప్పుడూ రాకెట్ దగ్గరికి వెళ్లేవాళ్ల జేబులోనే.

ముట్టకపోవడానికి కారణం తొంభై పాళ్లు ఇగ్నైటరే, అంటే కరెంటుతో మోటారును ముట్టించే తీగ. దాని కొన నాజిల్ లోపల మందును తాకాలి, ప్లగ్గు గట్టిగా కూర్చోవాలి, రెండు తీగలు ఒకదానికొకటి తాకకూడదు. అయినా ముట్టకపోతే చెవి తీసి పూర్తిగా ఒక నిమిషం ఆగి దగ్గరికి వెళ్లండి.

బీ6-4 మీద సుమారు 50 నుంచి 60 మీటర్లు, సీ6-5 మీద 120 నుంచి 150 మీటర్లు పోతుందని అంచనా. మొదటిది చూశాక పారాచూట్ ఎప్పుడు వచ్చిందో గమనించండి. నమూనా ఇంకా వేగంగా పైకి పోతుండగానే వస్తే, లేదా బాగా కిందికి దూకుతుండగా వస్తే, తాడు కాగితపు గొట్టాన్ని నిలువునా చీలుస్తుంది. అప్పుడు చివరి అంకె మార్చాలి: దూకుతుంటే బీ6-2, సీ6-3 లాంటి చిన్న అంకె, పైకి పోతుండగానే వస్తే పెద్ద అంకె. దిగాక మోటారు గుల్ల తీసేసి, లావు గొట్టం పై అంచు, ఎలాస్టిక్ మొదలు కాలిందేమో చూడండి. ఎలాస్టిక్ గోధుమ రంగుకు తిరిగితే మార్చేయండి, ఇంకోసారికి ఉండదు.

మీరు కట్టడం మొదలుపెట్టి మెడ ముక్క దాకా వచ్చాక, మొత్తం బరువు, ముక్కు కొన నుంచి సీజీ, ఓపెన్‌రాకెట్ చెప్పిన సీపీ, ఈ మూడు అంకెలు ఇక్కడ రాయండి. ముక్కులో ఎన్ని గ్రాములో, రంగుకు ఎన్ని మిగిలాయో లెక్క కట్టి చెబుతాను.